కనిపిస్తుంది, తెరుచుకోదు

బ్రాడీపేట నాలుగో లైన్లో మా ఇల్లు.
కింద ముందుగది షాపు, మేడమీద కాపురం.
కింద ముసలి డబ్బా, పైన కొత్త లాప్‌టాప్,
మధ్యలో మెట్ల పక్కనుంచి
దండెం తాడులా వేలాడే నీలం తీగ.
దానిమీద మా ఆయన ఒకసారి తువ్వాలు కూడా ఆరేశాడు.

ఓణీల ఫంక్షన్ కార్డు కింది డబ్బాలో ఉంది.
ప్రింటరేమో పైకి చేరింది,
కింద ఎలకలు రోలరు కొరికాయని.
మిర్చి యార్డు మేస్త్రి అంకారావు
బెంచీమీద కూర్చుని గంటయింది.
ఆయన చొక్కా దులిపినప్పుడల్లా
ఇల్లంతా ఒకేసారి తుమ్ముతుంది.

పెన్‌డ్రైవ్ పెట్టుకోరాదూ అంటాడు మా ఆయన.
అది పెట్టే చోటు రెండేళ్ల కిందటే పోయింది.
ఆ సంగతి చెప్పేంత తీరిక లేదు నాకు.

ముందు తీగ చూశాను.
పీకి, ఊది, గుచ్చాను. పచ్చలైటు మిణికింది.
పైనుంచి పిలిస్తే కింది డబ్బా పలికింది,
నాలుగు పిలుపులకీ నాలుగు జవాబులు.
బతికే ఉంది. బతికుండి తలుపు తియ్యట్లేదు.

రెండింటికీ ఒకే నంబరేమోనని చూశాను.
పోయిన వానాకాలం అలాగే
ఇద్దరూ ఒకే డోర్‌నంబరు తగిలించుకుని
పోస్టుమాన్‌ని తిప్పినట్టు రౌటర్ని తిప్పారు.
ఈసారి అది కాదు.
గడియారం చూశాను.
రూపాయి బిళ్ళంత బ్యాటరీ చచ్చి
డబ్బాకింకా రెండువేల తొమ్మిది జనవరి ఒకటే.
ఆ తారీఖుకి ఓణీల పిల్ల పాలు తాగుతోంది.
తేదీ దిద్దాను.
కాపలా కాసే ఫైర్‌వాల్‌ని కాసేపు టీకి పంపాను.
అయినా అదే మాట.

కొత్తదానికి పాతదాని యాస అర్థం కాదట.
సెట్టింగుల్లో ఎక్కడో అడుగున
పాత భాష మాట్లాడొచ్చు అని ఒక గడి.
టిక్కు పెట్టాను. మూసి తెరిచాను.
కరెంటు పోయింది. వచ్చింది. మళ్ళీ పోయింది.
మేస్త్రి రెండో టీ తాగాడు.

అప్పుడు కనపడింది ఫోల్డరు,
'ఏసోబు పని' అని పేరు.
నొక్కితే పాస్‌వర్డ్ అడిగింది.

ఏసోబుది తాడికొండ. మా దగ్గర మూడేళ్లు చేశాడు.
కళ్ళు మూసుకుని అను ఫాంటు కొట్టేవాడు,
ఒక్క ఒత్తు తప్పేది కాదు.
శ్రావణం సీజన్లో జీతం దగ్గర మాటామాటా పెరిగి
చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగాడు,
వేసుకునేంత సేపు కూడా ఉండలేనట్టు.

నా పేరు కొట్టాను. కాదంది.
మా పిల్లాడి పేరు, షాపు పేరు,
ఏసోబు పెళ్ళాం పేరు,
ఒకటి రెండు మూడు నాలుగు.
కాదు, కాదు, కాదు.

ఫోన్ చెయ్యడానికి
మెట్లు దిగి, ఎక్కి, మళ్ళీ దిగాను.
మూడో రింగుకి ఎత్తాడు.
వెనకాల జిరాక్సు మిషను చప్పుడు.
"తిరపతక్కా, బాగున్నారా" అన్నాడు,
భోజనానికెళ్ళి ఇంకా రాని మనిషిలా.
చెప్పాను.
కాసేపు జిరాక్సు ఒక్కటే మాట్లాడింది.
"చెప్తే ఏమీ అనుకోరుగా?"
"చెప్పు."
"బాకీ. బి పెద్దక్షరం.
తర్వాత రెండువేల మూడొందలు, అంకెల్లో."

కొట్టాను. ఒక్కో అక్షరం నల్లచుక్కై కూర్చుంది.
తలుపు తెరుచుకుంది.

ఫైలు పైకెక్కింది. తెరిస్తే
పిల్ల పేరు చోట డాలరు గుర్తు,
రెండు బ్రాకెట్లు, ఒక ప్రశ్నార్థకం.
పైన ఫాంటు లేదు కదా.
దాన్నీ అదే ఫోల్డర్లోంచి మోసుకొచ్చాక
తేటపడింది: చి. అంకమ్మ హాసిని.
మేస్త్రి కార్డు దూరంగా పట్టుకుని
పెదాలు కదుపుతూ మొత్తం చదివాడు.
కట్ట చంకన పెట్టుకుని,
మిగతాది యార్డు సెలవులయ్యాక ఇస్తానమ్మా అన్నాడు.
సరే అన్నాను. ఆ అంకె నేను మర్చిపోను.

చీకటి పడ్డాక ఏసోబు నంబరుకి
రెండువేల మూడొందలు పంపాను.
ఫోను టింగుమంది. వెంటనే మెసేజీ:
"పాస్‌వర్డ్ మార్చుకోండక్కా."

మార్చలేదింకా.
పొద్దున షట్టరెత్తి, ఫ్యానేసి,
ఆ నల్లచుక్కలు కొడుతుంటే
వేళ్ళు కొంచెం మండుతాయి.
మేస్త్రి చొక్కా దులిపెళ్ళిన గదేగా,
అందుకే అనుకుంటాను.